అరిజోనాను ఆపింది పరుగుల తేడా కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో మీరు అమెరికా బేస్‌బాల్ మీద వేసిన వ్యాసం చదివాను. తెలుగు పత్రిక ఈ ఆటకు అర పేజీ ఇవ్వడం అరుదు. అందుకు ముందుగా నా ధన్యవాదాలు. అయితే అందులో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. 2024లో అట్లాంటా బ్రేవ్స్, న్యూయార్క్ మెట్స్, అరిజోనా డైమండ్‌బ్యాక్స్ మూడు జట్లూ సమానంగా నిలిచాయని, పరుగుల తేడా సరిపోక అరిజోనా ప్లేఆఫ్స్‌కి వెళ్ళకుండా ఇంటిదారి పట్టిందని రాశారు. మూడు జట్లు సమానంగా నిలిచిన మాట నిజం. రెండో మాట మాత్రం తప్పు. ఆ ఏడాది లీగ్ మొత్తంలో అందరికన్నా ఎక్కువ పరుగులు చేసింది అరిజోనాయే. పరుగుల తేడా, అంటే చేసిన పరుగుల్లోంచి ఇచ్చిన పరుగులు తీసేస్తే వచ్చేది, చూసినా మెట్స్ కంటే వాళ్ళే మెరుగు. నిజంగా ఆ లెక్క ఉండి ఉంటే ఇంటికి పోవాల్సింది మెట్స్.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మాది తెనాలి. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు జార్జియాలో, అట్లాంటాకి ఉత్తరాన ఉన్న కమ్మింగ్‌లో అమ్మాయి దగ్గర ఉంటున్నాను. పొద్దున్నే మీ ఈ-పేపర్ చదవడం, సాయంత్రం మనవడితో కలిసి బ్రేవ్స్ మ్యాచ్ చూడడం అలవాటైపోయాయి. మ్యాచ్ అయ్యాక వాడు పడుకుంటాడు, నేను స్టాండింగ్స్, అంటే జట్ల స్థానాల పట్టిక, చూస్తాను. ఉద్యోగమంతా అంకెల మధ్యే గడిపినదాన్ని కాబట్టి కావచ్చు, ఆటకన్నా ఆ పట్టిక మీదే నాకు మక్కువ ఎక్కువ. అందుకే దాని గురించి తప్పు అచ్చయితే చూస్తూ ఊరుకోలేకపోయాను.

మీ వ్యాసకర్త అలా ఎందుకు రాశారో ఊహించగలను. మనకు పట్టిక అనగానే ఐపీఎల్ గుర్తొస్తుంది. పది జట్లు, ఒక్కోదానికి 14 మ్యాచ్‌లు, గెలిస్తే రెండు పాయింట్లు, వానకు రద్దయితే చెరొకటి, పాయింట్లు సమానమైతే నెట్ రన్‌రేట్. మే నెల వచ్చేసరికి ఇంటింటా ఆ లెక్కలే. అదే పద్ధతి అన్ని ఆటలకూ ఉంటుందనుకోవడం సహజం. మేజర్ లీగ్ బేస్‌బాల్ పట్టికలో అసలు పాయింట్లే ఉండవు. గెలుపు, ఓటమి, అంతే. డ్రా కూడా లేనట్టే. తొమ్మిది ఇన్నింగ్స్‌కి (ఒక్కో ఇన్నింగ్స్‌లో రెండు జట్లూ చెరోసారి బ్యాటింగ్ చేస్తాయి) స్కోర్లు సమానమైతే ఎవరో ఒకరు గెలిచేదాకా ఆడిస్తారు. అర్ధరాత్రి దాటినా సరే. జపాన్‌లో మాత్రం 12 ఇన్నింగ్స్ తర్వాత సమానంగా ఉంటే అక్కడితో ఆపేస్తారు, శాతం లెక్కలో ఆ మ్యాచ్‌ని కలపరు. అమెరికాలో ఆ బాధ లేదు.

సీజన్ మార్చి చివర్లో మొదలై సెప్టెంబర్ చివరిదాకా సాగుతుంది. జట్టుకి 162 మ్యాచ్‌లు, సొంత మైదానంలో 81, బయట 81. వారానికి ఆరు మ్యాచ్‌లు ఉండడం మామూలే. మొత్తం 30 జట్లు. అమెరికన్ లీగ్‌లో 15, నేషనల్ లీగ్‌లో 15. ఒక్కో లీగ్‌లో ఈస్ట్, సెంట్రల్, వెస్ట్ అని మూడు డివిజన్లు, డివిజన్‌కి ఐదేసి జట్లు. మా బ్రేవ్స్ నేషనల్ లీగ్ ఈస్ట్. మెట్స్, ఫిల్లీస్, మార్లిన్స్, నేషనల్స్ కూడా అందులోనే ఉంటాయి. ఒకే డివిజన్‌లో ఉన్నవాళ్ళు ఏడాదికి 13 సార్లు ఎదురెదురు పడతారు. మిగతా జట్లన్నిటితోనూ కనీసం ఒక సిరీస్ ఉంటుంది.

ఇన్ని మ్యాచ్‌లున్నప్పుడు ఒక్క ఓటమికి కంగారు పడేవాళ్ళు ఎవరూ ఉండరు. 2001లో సియాటిల్ మారినర్స్ 116 మ్యాచ్‌లు గెలిచింది, ఆధునిక కాలంలో అంతకు మించి ఎవరూ గెలవలేదు. ఆ జట్టు కూడా 46 సార్లు ఓడింది. 2024లో షికాగో వైట్‌సాక్స్ 121 మ్యాచ్‌లు ఓడి చెడ్డ రికార్డు మూటగట్టుకుంది, వాళ్ళు కూడా 41 సార్లు గెలిచారు. మిగతా జట్లు దాదాపు అన్నీ ఈ రెండింటి మధ్యే ఎక్కడో ఉంటాయి. అందుకే నిన్నటి స్కోరు చూస్తే ఏమీ తెలియదు, పట్టిక చూడాల్సిందే. మీరు మాత్రం ఎప్పుడైనా బేస్‌బాల్ వార్త వేస్తే స్కోరు ఒక్కటే వేస్తున్నారు.

పట్టికలో జట్టు పేరు పక్కన మొదట గెలుపులు, తర్వాత ఓటములు, ఆ తర్వాత గెలుపు శాతం ఉంటాయి. శాతాన్ని మనలా 55 అని రాయరు, దశాంశ బిందువు పెట్టి మూడంకెలు వేస్తారు, .550 అని. పలికేటప్పుడు ఫైవ్ ఫిఫ్టీ అంటారు. సగం గెలిచి సగం ఓడితే ఫైవ్ హండ్రెడ్. ర్యాంకు నిర్ణయించేది ఈ శాతమే.

అసలు కథంతా నాలుగో గడిలో ఉంది. గేమ్స్ బిహైండ్ అంటారు, అంటే ముందున్న జట్టుకి ఎన్ని ఆటల వెనక ఉన్నామన్నది. దాన్ని తీయడం చాలా సులువు. ముందు జట్టు గెలుపుల్లోంచి వెనక జట్టు గెలుపులు తీసేయండి. వెనక జట్టు ఓటముల్లోంచి ముందు జట్టు ఓటములు తీసేయండి. వచ్చిన రెండూ కలిపి సగం చేయండి. ముందున్నవాళ్ళు 60 గెలిచి 40 ఓడారనుకుందాం. వెనకవాళ్ళు 57 గెలిచి 42 ఓడారు. గెలుపుల్లో తేడా మూడు, ఓటముల్లో రెండు, మొత్తం ఐదు. సగం చేస్తే రెండున్నర. ఈ రెండు జట్లూ రేపు ఎదురెదురు ఆడితే తేడా ఒకేసారి ఒక ఆట మారుతుంది. ఒకరికి సెలవుండి ఇంకొకరు మాత్రమే ఆడితే అర ఆట మారుతుంది.

ఆ 'అర' చూస్తే కొత్తవాళ్ళు తికమకపడతారు. మీ వ్యాసంలో వేసిన చిన్న పట్టికలో సగాలన్నీ తీసేసి పూర్తి అంకెలే ఉంచినట్టు కనిపించింది. దయచేసి అలా చేయొద్దు. బ్యాంకులో సాయంత్రం లెక్క కట్టేటప్పుడు ఇంకా క్లియర్ కాని చెక్కు పెండింగ్‌లో ఉన్నట్టే, ఆ సగం ఒక జట్టు ఇంకో మ్యాచ్ ఆడాల్సి ఉందని చెబుతుంది. దాన్ని కొట్టేస్తే లెక్క తప్పుతుంది.

ఇక్కడి పాతకాపులు ఇంకో పని చేస్తారు. ఎవరెన్ని గెలిచారన్నది పక్కనపెట్టి ముందు ఓటముల గడి చూస్తారు. మిగిలిన మ్యాచ్‌లన్నీ గెలిచి గెలుపుల లోటు పూడ్చుకోవచ్చు, ఓడిపోయింది మాత్రం ఎప్పటికీ చెరగదని వాళ్ళ లెక్క. మా వీధిలో ఉండే ఒక పెద్దాయన ఆగస్టు దాటాక ఎప్పుడు కనబడినా 'లాస్ కాలమ్‌లో ఎంత వెనక ఉన్నాం' అనే అడుగుతారు. నేనూ అదే పద్ధతికి వచ్చేశాను.

ఇప్పుడు మీరు రాసిన 2024 సంగతికి వస్తాను. అక్కడ జరిగింది పూర్తిగా చెప్తే తప్ప తప్పు ఎక్కడుందో తెలియదు.

ఆ సెప్టెంబర్ చివరి వారంలో హెలీన్ తుఫాను జార్జియా మీదికి వచ్చింది. అట్లాంటాలో బ్రేవ్స్, మెట్స్ మధ్య జరగాల్సిన రెండు మ్యాచ్‌లు వాయిదా పడ్డాయి. సెప్టెంబర్ 29, ఆదివారంతో సీజన్ ముగిసింది, దాదాపు అందరూ 162 పూర్తి చేశారు, ఈ రెండు జట్లు మాత్రం 160 దగ్గరే ఆగాయి. ఆ రాత్రి పట్టికలో అరిజోనా 89 గెలుపులు, 73 ఓటములు. బ్రేవ్స్ 88, 72. మెట్స్ కూడా సరిగ్గా 88, 72. పైన చెప్పినట్టు లెక్క కట్టండి. అరిజోనాకి గెలుపుల్లో ఒకటి ఎక్కువ, ఓటముల్లోనూ ఒకటి ఎక్కువ. రెండూ కొట్టేసుకుంటే తేడా సున్నా. శాతం చూస్తే 89 గెలిచిన అరిజోనాది .549, 88 గెలిచిన మా వాళ్ళది .550. ఎక్కువ గెలిచినవాళ్ళు వెనక, తక్కువ గెలిచినవాళ్ళు ముందు! పాయింట్ల పట్టికకు అలవాటుపడ్డ కంటికి అది అచ్చుతప్పులా కనిపిస్తుంది. నాకైతే సీజన్ మొత్తంలో అంత అందమైన పట్టిక ఇంకోటి లేదు.

మిగిలింది రెండు ప్లేఆఫ్ బెర్తులు, వాటి కోసం మూడు జట్లు. అరిజోనా ఆడడానికి ఇక మ్యాచ్ లేదు. సోమవారం ట్రూయిస్ట్ పార్క్‌లో బ్రేవ్స్, మెట్స్ ఒకే రోజు రెండు మ్యాచ్‌లు ఆడాలి. ఎవరో ఒకరు రెండూ గెలిస్తే, రెండూ ఓడినవాళ్ళు 88 గెలుపులు, 74 ఓటములతో బయటికి పోతారు, అరిజోనా లోపలికొస్తుంది. చెరొకటి గెలిస్తే ముగ్గురూ 89, 73 దగ్గర సమానం, అరిజోనా అవుట్. అంటే అరిజోనా వాళ్ళకి ఎవరు గెలిచినా ఫరవాలేదు, ఒక్కళ్ళే రెండూ గెలవాలి.

ఆ మధ్యాహ్నం మా ఇంట్లో టెన్షన్ చెప్పలేను. అమ్మాయి పక్క గదిలో ఆఫీసు మీటింగ్‌లో ఉంది, నేను టీవీ సౌండ్ తగ్గించి దగ్గరగా కూర్చున్నాను. మొదటి మ్యాచ్‌లో ఏడు ఇన్నింగ్స్ దాకా బ్రేవ్స్ 3-0తో ముందుంది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మెట్స్ ఆరు పరుగులు కొట్టింది. అదే ఇన్నింగ్స్‌లో మా వాళ్ళు నాలుగు కొట్టి 7-6కి తెచ్చారు. తొమ్మిదిలో ఫ్రాన్సిస్కో లిండార్ రెండు పరుగుల హోమ్‌రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టడంతో 8-7 అయింది, మెట్స్ గెలిచి లోపలికి వెళ్ళిపోయింది. స్కూల్ బస్సు దిగి వచ్చిన మనవడు బ్యాగ్ కూడా తీయకుండా 'అమ్మమ్మా, ఇంకోటి మనం గెలిస్తే చాలు, అరిజోనా పోయినట్టే' అన్నాడు. వాడు ఫోన్‌లో స్కోరు చూసుకుని, దార్లోనే లెక్క కట్టేసుకున్నాడు. రెండో మ్యాచ్‌కి బ్రేవ్స్‌కి బంతి వేసే ప్రధాన పిచర్ క్రిస్ సేల్ వెన్ను పట్టేయడంతో దిగలేకపోయాడు. ఆయన బదులు గ్రాంట్ హోమ్స్ వేశాడు. 3-0తో గెలిచాం. మూడు జట్లూ 89, 73.

అక్కడ సమానతను తేల్చింది ముఖాముఖి రికార్డు. ఆ సీజన్‌లో ఆ మూడు జట్లు తమలో తాము ఆడిన మ్యాచ్‌ల్లో ఎవరు ఎన్ని గెలిచారన్నదే చూశారు. అరిజోనా అటు బ్రేవ్స్ మీదా, ఇటు మెట్స్ మీదా గెలిచినవాటి కన్నా ఓడినవే ఎక్కువ. అందుకే బయటికి పోయింది. ప్లేఆఫ్స్‌లో మా వాళ్ళకి ఐదో సీడ్ (అంటే వరసలో ఐదో స్థానం), మెట్స్‌కి ఆరో సీడ్ దక్కాయి. ముఖాముఖి కూడా సమానమైతే సొంత డివిజన్‌లో ఎలా ఆడారన్నది చూస్తారు. ఆ తర్వాతి మెట్లలోనూ ఎక్కడా పరుగుల ప్రస్తావన లేదు.

లేకపోవడమే న్యాయమని నా అభిప్రాయం. ఈ ఆటలో సొంత మైదానం జట్టు రెండోసారి బ్యాటింగ్ చేస్తుంది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో అవతలివాళ్ళ బ్యాటింగ్ అయ్యేసరికి ముందంజలో ఉంటే ఇక బ్యాట్ పట్టనే పట్టదు. వెనకబడి ఉంటే గెలుపు పరుగు రాగానే మ్యాచ్ అక్కడికక్కడే అయిపోతుంది, ఇంకో నాలుగు కొట్టి తేడా పెంచుకునే వీలే ఉండదు. ఇంకోవైపు మ్యాచ్ పూర్తిగా చేజారిపోయిందనుకుంటే మేనేజర్లు రేపటి కోసం పిచర్లను దాచుకుని మామూలు ఫీల్డర్ చేత బంతి వేయిస్తారు. అప్పుడు 10-2 కాస్తా 14-2 అవుతుంది. అలాంటి పరుగులతో ఒక జట్టు భవిష్యత్తు తేల్చడం సబబు కాదు. మన క్రికెట్‌లో ఓవర్లు కొలిచి ఉంటాయి కాబట్టి నెట్ రన్‌రేట్‌కి కొంత అర్థముంది. ఇక్కడ అది చెల్లదు.

అయితే ఒక విషయంలో పాత పద్ధతే బాగుండేదని ఇప్పటికీ అంటాను. 2021 దాకా డివిజన్ టైటిల్ గానీ ప్లేఆఫ్ బెర్తు గానీ ఎవరిదో తేలకపోతే ఇంకో మ్యాచ్ పెట్టేవాళ్ళు, 163వ మ్యాచ్. 2018 అక్టోబర్ 1న ఒకే రోజు అలాంటివి రెండు జరిగాయి, మిల్వాకీ, షికాగో కబ్స్ మధ్య ఒకటి, డాడ్జర్స్, కొలరాడో మధ్య ఒకటి. 2022లో ప్లేఆఫ్స్‌ని 12 జట్లకు పెంచారు, ఆ మ్యాచ్ తీసేశారు. రోజులు చాలవంటారు. ఆరు నెలలు ఆడినవాళ్ళకి ఇంకొక్క రోజు ఇవ్వలేమా? ఆ సోమవారం రెండో మ్యాచ్ సంగతే చూడండి. అప్పటికే లోపలికి వెళ్ళిపోయిన మెట్స్‌కి అది తప్పనిసరిగా గెలవాల్సిన మ్యాచ్ కాదు. అరిజోనా భవిష్యత్తు మాత్రం దాని మీదే ఆధారపడి ఉంది. వాళ్ళ అభిమానులకు అది మింగుడుపడకపోతే తప్పు పట్టలేను. మా జట్టుకి లాభమైనా సరే ఈ మాట అంటాను.

ముఖాముఖి లెక్క 2022లో కూడా మాకే కలిసొచ్చింది. ఆ ఏడాది జూన్ 1న బ్రేవ్స్ మెట్స్‌కి పదిన్నర ఆటల వెనక ఉంది. రోజూ పట్టికలో ఆ అంకె తొమ్మిదవడం, ఏడవడం, ఒక్కోసారి మళ్ళీ పెరగడం చూస్తూ ఉండేవాళ్ళం. సీజన్ చివరి వారాంతంలో మెట్స్ అట్లాంటా వస్తే మా వాళ్ళు మూడుకి మూడూ గెలిచారు. ఆఖరికి రెండు జట్లూ 101 గెలుపులు, 61 ఓటములు. ఎదురెదురు ఆడిన 19 మ్యాచ్‌ల్లో (13కి తగ్గించింది ఆ మరుసటి ఏడాది నుంచే) బ్రేవ్స్‌వి పది, మెట్స్‌వి తొమ్మిది. ఆ ఒక్క గెలుపుతో డివిజన్ టైటిల్ మాకొచ్చింది, మొదటి రౌండ్ ఆడే పని తప్పింది. 101 మ్యాచ్‌లు గెలిచిన మెట్స్ ఆ మొదటి రౌండ్, అంటే వైల్డ్‌కార్డ్ రౌండ్, ఆడి శాన్‌డియేగో చేతిలో ఓడింది. అదంతా స్కోర్లలో కనిపించదు. పట్టిక రోజూ చూసినవాళ్ళకే కనిపిస్తుంది.

వైల్డ్‌కార్డ్ గురించి మీ వ్యాసంలో సరిగ్గానే రాశారు కాబట్టి ఎక్కువ చెప్పను. లీగ్‌కి ఆరు జట్లు, మూడు డివిజన్ల విజేతలు, మిగతావాళ్ళలో మెరుగైన ముగ్గురు, వైల్డ్‌కార్డ్ జట్లంటే వీళ్ళే. ఇందులోంచే ఇంకో చిత్రం పుడుతుంది. 2021లో శాన్‌ఫ్రాన్సిస్కో జయంట్స్ 107 గెలిచింది, అదే డివిజన్‌లో డాడ్జర్స్ 106 గెలిచి కూడా వైల్డ్‌కార్డ్‌తో సరిపెట్టుకుంది. మా బ్రేవ్స్ ఆ ఏడాది ఆగస్టు వచ్చేదాకా ఓటముల కంటే గెలుపులు ఎక్కువ అనిపించుకోలేదు. చివరికి 88 గెలుపులు, 73 ఓటములు. కూడి చూడండి, 161 అవుతుంది. వానకు పోయిన ఒక మ్యాచ్‌ని మళ్ళీ ఆడించలేదు, ఎందుకంటే అప్పటికే డివిజన్ తేలిపోయింది, దానితో మారేదేమీ లేదు. ప్లేఆఫ్స్‌కి వచ్చిన జట్లన్నిట్లోకి తక్కువ గెలుపులు వాళ్ళవే. ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచిందీ వాళ్ళే, హ్యూస్టన్ మీద 4-2తో.

ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. మా చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. పిల్లలు స్కూల్లో, పార్కులో బేస్‌బాల్ ఆడుతున్నారు. చూడడానికి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు సాయంత్రాలు టీవీ ముందు కూర్చుంటారు, పిల్లలు ఇంగ్లీషులో గబగబా చెప్పేది సగం అర్థంకాక ఊరుకుంటారు. క్రికెట్ స్కోరు నోటి లెక్కన చెప్పగల మనుషులు వాళ్ళు. పట్టిక ఎలా చదవాలో తెలుగులో ఒకసారి చెబితే వారంలో పిల్లలకే పాఠం చెబుతారు. ఆ పని మీ పత్రిక చేయగలదు.

కాబట్టి నా విన్నపం ఇది. ముందు ఆ వాక్యాన్ని సవరిస్తూ ఒక ముక్క వేయండి. వచ్చే సీజన్ నుంచి ఏప్రిల్ మొదలు సెప్టెంబర్ దాకా వారానికోసారి పట్టిక వేయండి. రోజూ వేయమని అడగను, అది కుదరదని తెలుసు. ఇక్కడ రాత్రి మ్యాచ్‌లు మొదలయ్యేసరికి మీకు తెల్లవారుజాము, పశ్చిమ తీరంలోవి ముగిసేసరికి మీకు పొద్దున పది దాటుతుంది. అప్పటికి పేపర్ ఇళ్ళకు చేరిపోయి ఉంటుంది. ఆదివారం మ్యాచ్‌లన్నీ మీకు సోమవారం పగటికల్లా తేలిపోతాయి, కాబట్టి మంగళవారం సంచిక సరైనది. పైన 'ఆదివారం మ్యాచ్‌ల వరకు' అని ఒక లైను ఉండాలి. గెలుపు, ఓటమి, శాతం, ఎన్ని ఆటల వెనక, ఈ నాలుగు గడులు చాలు, సగాలు మాత్రం తీసేయొద్దు. ఆరు డివిజన్లకీ చోటు చాలకపోతే ఒక వారం ఒక లీగ్, మరుసటి వారం ఇంకో లీగ్ వేసినా సర్దుకుంటాం. ఆగస్టు నుంచి వైల్డ్‌కార్డ్ పట్టిక విడిగా ఇవ్వండి, ఎందుకంటే డివిజన్‌లో పన్నెండు ఆటలు వెనకబడ్డ జట్టు కూడా అక్కడ ఒక్క ఆట దూరంలోనే ఉండొచ్చు. అంకెలు సరిచూడడానికి మనిషి కావాలంటే నేనున్నాను. సోమవారం పొద్దున మీ డెస్క్ వాళ్ళు ఆఫీసుకి వచ్చేసరికి సరిచూసి మెయిల్ చేసేస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కమ్మింగ్, జార్జియా
(స్వస్థలం తెనాలి)